వెనుకబడిన బిడ్డకు రొక్కపు బహుమానము



"మంచి మార్కులు తెస్తే డబ్బులిస్తాను" అని బిడ్డలతో అనని ఇల్లు అరుదు. అమెరికాలో ఆర్థికశాస్త్రజ్ఞుడు రోలండ్ ఫ్రయర్ ఈ మాటను బడులలోనే పరీక్షించి, 2011లో ఫలితములు ప్రకటించెను. షికాగోలో తొమ్మిదవ తరగతి పిల్లలకు "ఏ" గ్రేడుకు 50 డాలర్లు, "బి"కి 35, "సి"కి 20 ఇచ్చిరి. న్యూయార్కులో పరీక్ష మార్కులను బట్టి సొమ్మిచ్చిరి. పిల్లలు సంతోషించిరి. అయినను రెండు నగరములలోను ప్రామాణిక పరీక్షల ఫలితములు మెరుగుపడలేదు.

కారణమేమి? మార్కులెట్లు పెంచుకొందురని న్యూయార్కు పిల్లలను అడుగగా, ప్రశ్నలు జాగ్రత్తగా చదువుదుమనిరి, జవాబులు సరిచూచుకొందుమనిరి. పాఠము మరల చదువుదుమని గాని, తెలియనిది ఉపాధ్యాయుని అడుగుదుమని గాని చెప్పలేదు. ఆశ ఉన్నది, దారి తెలియలేదు.

లెక్కలలో తప్పిన బిడ్డకు నూరు రూపాయల నోటు చూపుట సులభము. వాని ప్రక్కన కూర్చుండి, లెక్క ఎక్కడ తప్పినదో చూపుటకు ఒక సాయంకాలము కావలెను. బహుమానములు ఇయ్యవద్దని నేననను. చదువుకొన్న మనలో ప్రతివారు వారమునకు ఒక సాయంకాలము ఒక బిడ్డకు ఇయ్యవలెనని వేడుకొనుచున్నాను.