మానితే లివర్ కోలుకుంటుంది, కానీ ఒంటరిగా మానకండి

(రైతు సంఘం మండల సమావేశంలో ఒక కౌలు రైతు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడారు. నన్ను నా లివర్ గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి, అదీ రైతు సమస్యే.

మనకు మందులు మూడు. చేనుకు కొట్టే మందు, రోగానికి వేసుకునే మందు, సాయంత్రం తాగే మందు. మొదటిదానికి అప్పు చేస్తాం, మూడోదానితో ఆ అప్పు మర్చిపోదామనుకుంటాం, చివరికి రెండోదానికి మళ్లీ అప్పు చేస్తాం. నేను చేసింది అదే.

2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసింది మీకందరికీ గుర్తుంది. నాకు మూడెకరాలు కౌలు. పూత రాలిపోయింది, కౌలు మాత్రం రాలలేదు. అంతకుముందు వారానికో రోజు తాగేవాణ్ణి. ఆ ఏడాది నుంచి రోజుకు రెండు క్వార్టర్లయింది. క్వార్టరు విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుందట. లివర్ గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి కరిగించలేదట. లెక్క వేసుకోండి. బావి మోటారుకైనా కరెంటు పోతే విశ్రాంతి దొరుకుతుంది. నా లివర్‌కు అదీ లేదు.

రెండేళ్లకు ఆకలి పోయింది, కళ్లు పచ్చబడ్డాయి. పసరు తాగాను. తగ్గలేదు. ఒకరోజు మా అమ్మాయి ఎదురుగా నిలబడి, "నాన్నా, మాకు నువ్వు కావాలి" అంది. ఆ రాత్రే దేవుడి పటం ముందు ఒట్టేసి పూర్తిగా మానేశాను. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. అదే నేను చేసిన తప్పు.

మర్నాటికి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. రెండో రోజు రాత్రి గోడ నిండా నల్ల తామర పురుగులు పాకుతున్నట్టు కనిపించి చేతులతో తుడవడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకున్నారు. తెల్లారేలోపు ఫిట్స్ వచ్చింది. మా బావమరిది ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోబట్టి ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

అక్కడి డాక్టరు చెప్పింది మీకూ చెబుతాను. చాలాకాలం రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కొన్నాళ్లు మాత్రలు ఇచ్చి, బి1 విటమిన్ ఎక్కించి, మెల్లగా దింపాలి. అందుకని భయపడి తాగుతూనే ఉండమని కాదు. డాక్టరు దగ్గరకు వెళ్లి మానమని.

ఇక లివర్ సంగతి. బాగా తాగేవాళ్లలో దాదాపు అందరికీ ముందు లివర్‌లో కొవ్వు పడుతుంది. అది గడ్డి పట్టిన చేను లాంటిది. తాగుడు ఆపితే కొన్ని వారాల్లోనే శుభ్రపడుతుంది. తర్వాతది వాపు, కామెర్లు. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. సమయానికి ఆపి వైద్యం చేయించుకుంటే చాలామంది కోలుకుంటారు. ఆ తర్వాతది సిర్రోసిస్. లివర్ మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అది చౌడు తేలిన నేల. పూర్తిగా మునుపటిలా కాదు. కానీ ఆపితే చౌడు పాకకుండా నిలుస్తుంది, మిగిలిన నేల పండుతుంది.

నాది రెండో దశ. నెలన్నరకు రక్తపరీక్షలో అంకెలు దిగాయి. మూడు నెలలకు కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి వచ్చింది. నాతోపాటే పరీక్ష చేయించుకున్న మా బాబాయి వరసాయనకు సిర్రోసిస్ అన్నారు. "ఎలాగూ పాడైంది, ఇప్పుడు మాని ఏం లాభం?" అన్నాడు. తాగుతూనే ఉన్నాడు. పొట్టలో నీరు చేరింది, రక్తపు వాంతులై పోయాడు. ఆ దశలో మానినా ఆయుష్షు పెరుగుతుందని డాక్టరు ఆయనకూ చెప్పాడు. ఆ మాట ఆయనకు పదిసార్లు చెప్పేవాళ్లం మేము లేకపోయాం. ఆ బాధ నాకుంది.

మరికొన్ని మాటలు. కామెర్లని పథ్యం పెట్టి ఆకలితో మాడ్చకండి. పప్పు, గుడ్డు, పాలు కావాలి. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి. ఒళ్లునొప్పుల మాత్రలు సొంతంగా కొనుక్కుని మింగొద్దు. పసరు మందుల్లో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి. పరీక్షలో అంకెలు బాగుపడ్డాయని "ఒక్కటే కదా" అని మొదలుపెడితే మొదటికొస్తుంది. నాకు ఇప్పటికీ మందు కొట్టి వచ్చిన సాయంత్రం నోరు పీకుతుంది. ఆ వేళకు మా బావమరిది ఫోన్ చేస్తాడు. అదే నా మాత్ర.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఇప్పుడు ఊళ్లోకి మంచినీళ్ల ట్యాంకరు రాకపోయినా బెల్టు షాపుకు సరుకు వస్తుంది. బెల్టు షాపులు మూయించాలని మనం తీర్మానాలు చేస్తూనే ఉన్నాం. తాగినవాడికి వైద్యం ఎక్కడ అని కూడా అడుగుదాం. ప్రతి ఏరియా ఆస్పత్రిలో తాగుడు మాన్పించే మంచాలు, మాత్రలు ఉండాలి.

అది వచ్చేదాకా మన పని మనం చేద్దాం. 14446కి ఫోన్ చేస్తే మానాలనుకునేవాళ్లకు ఉచితంగా సలహా ఇస్తారు. ప్రతి గ్రామ కమిటీలో ఇద్దరు ముందుకు రండి. మానాలనుకున్నవాడిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఒకరు, సాయంత్రం ఫోన్ చేయడానికి ఒకరు. మా ఊరికి మొదటి పేరు నాది రాసుకోండి.

సెలవు.