విదేశవాసము – బాలుర చదువు



విద్యనుగూర్చి ప్రసంగింపుడని మమ్ము నియమించినపుడు, విద్యార్థివేతనములను గుఱించియో వసతిగృహమును గుఱించియో చెప్పుదుమని పెక్కురు తలంచియుందురు. వానికి కార్యదర్శిగారి నివేదికయే చాలును. ఇటీవల మా యింటికి వచ్చు సంఘీయులు మాటిమాటికి నడుగు ప్రశ్న వేఱొకటి కలదు. “మాస్టారూ, మావానికి జర్మనీలో ఉద్యోగమైనది. పిల్లలను అచటి ప్రభుత్వపు బడిలో వేయుమందురా, ఇంటర్నేషనల్ స్కూలులో వేయుమందురా?” అని.

దేశమునుబట్టి యుత్తరము మాఱును. గల్ఫు దేశములలో నిది పెద్ద ప్రశ్న కాదు. అచటి ప్రభుత్వ పాఠశాలలు ప్రధానముగా అరబ్బీలో నడచును గావున, మనవారు సాధారణముగా సి.బి.ఎస్.ఇ. చదువు చెప్పు భారతీయ పాఠశాలల నాశ్రయింతురు. సింగపూరు ప్రభుత్వ పాఠశాలలలో బోధన యాంగ్లముననే జరుగును; కాని మాతృభాషగా చదువదగిన భారతీయ భాషల పట్టికలో తమిళము, హిందీ, వంగము, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ గలవే గాని మన తెనుగు లేదు. చిక్కంతయు జర్మనీలోనే యున్నది.

అచట బడికి బోవుట శాసనసిద్ధము. ఇంట కూర్చుండబెట్టి చదువు చెప్పుదమన్న నొప్పుకొనరు. ప్రభుత్వపు బడిలో జీతము లేదు. బోధన జర్మను భాషలో. ప్రాథమిక విద్య పెక్కు రాష్ట్రములలో 4 ఏండ్లు, బెర్లిను, బ్రాండెన్‌బుర్గులలో 6 ఏండ్లు. పిమ్మట బాలురను వేఱువేఱు త్రోవలకు పంపుదురు. విశ్వవిద్యాలయమునకు నేరుగా గొనిపోవు త్రోవ గిమ్నాజియము. దాని తుది పరీక్ష అబిటూరు. బవేరియాలోనైన జర్మను, గణితము, పరిసరవిజ్ఞానము – ఈ మూటి సగటు 2.33 గాని యంతకంటె మేలుగా గాని యున్నవారికే గిమ్నాజియమున నేరుగా ప్రవేశము. అచట 1 ఉత్తమము, 6 అధమము. ఈ సంగతి తెలియక మనుమని కాగితమున 1 చూచి గుండె బాదుకొన్న తాతగా రొకరిని మే మెఱుగుదుము.

కావున మొదట నడుగవలసినది బడి పేరు గాదు, బిడ్డ వయస్సు. జర్మనునకు లింగములు మూడు, విభక్తులు నాలుగు. శబ్దమంజరి వల్లించినవారికి నాలుగు విభక్తులన నవ్వు రావచ్చును. కాని ఆఱేండ్ల బిడ్డకు శబ్దమంజరియు నక్కఱలేదు. ఆటస్థలముననే యదియంతయు నోటికి వచ్చును. అట్టి బిడ్డను ప్రభుత్వపు బడిలో వేయుటయే మేలని మా నిశ్చయము. తొమ్మిదేండ్ల బాలుని సంగతి కఠినము. భాష పట్టుబడునంతలో త్రోవలు వేఱుపఱచు వేళ వచ్చును. భాష రానివాడు తెలివి లేనివాడుగా లెక్కకు వచ్చుట యెంత యన్యాయము! క్రొత్తవారికి భాష నేర్పు తరగతులు గలవు, ఒక త్రోవనుండి మఱియొక త్రోవకు మాఱుటయు సాధ్యమే. అయినను బిడ్డ మనసున బడిన దెబ్బను ఏ ప్రవేశపత్రమును మాన్పలేదు.

పదునాలుగేండ్లు దాటినవానికి అంతర్జాతీయ పాఠశాల తగును. అట్టి విద్య పుట్టుటయే యిట్టివారికొఱకు. 1924లో జెనీవాలో నానాజాతిసమితి, అంతర్జాతీయ కార్మికసంస్థల యుద్యోగుల బిడ్డలకై యొక పాఠశాల వెలసినది. 1968లో ఆ నగరముననే ఐ.బి. సంస్థ స్థాపితమైనది. ఆ డిప్లొమాను జర్మను విశ్వవిద్యాలయములును అంగీకరించును గాని, ఏ యే విషయములు చదివియుండవలెనో నియమములు గలవు. ముందే చూచుకొనవలెను. జీతము మాత్రము ఏటికి 20,000 యూరోలు దాటుట యరుదు గాదు.

ఇచ్చట నొక మాట గట్టిగా జెప్పవలసియున్నది. “జీతము కంపెనీవారే యిత్తురు” అని సంతోషించువారు ఎన్నేండ్లిత్తురో యడుగరు. మన సంఘములోనే యొక కుటుంబమునకు మూడేండ్లు కంపెనీ యిచ్చి, ఒడంబడిక తీఱగానే మానివేసినది. బాలునికి పదుమూడేండ్లు, ఆంగ్లము తప్ప జర్మను రాదు. తండ్రికి జీతము గట్టు శక్తి లేదు. వాడు తనకంటె చిన్నవారితో ప్రభుత్వపు బడిలో కూర్చుండవలసివచ్చినది. తల్లి యుత్తరము చదివి వాని నాయనమ్మ మా యెదుటనే కంట తడి పెట్టినది. తప్పు బాలునిది గాదు, ఆంగ్లముతో గడచునని యింట నందఱును నమ్మిరి.

రెండు మూడేండ్లలో తిరిగివచ్చు తలంపు గలవారి లెక్క వేఱు. వైద్యవిద్యకై నీట్ వ్రాయదలచిన బాలుడు భౌతిక, రసాయన, జీవశాస్త్రములను, ఆంగ్లమును చదివియుండవలెను. విదేశమున నందొకటి విడిచిన, ఇచ్చట చిక్కు గలుగును.

తెనుగు నేర్పు పని యే పాఠశాలయు చేయబోదు. బడి యేదైనను సాయంకాలము తల్లి తెనుగుననే మాటాడవలెను, తండ్రి వారమునకొక యుత్తరము అవ్వకు వ్రాయింపవలెను. కొందఱిండ్ల నిప్పుడు అవ్వయు మనుమడును ఫోనులో నొకరి మొగ మొకరు చూచి నవ్వుకొనుటయే గాని మాట లేదు.

మన విద్యానిధివారు ప్రయాణమగు కుటుంబములలోని పదేండ్లు నిండినవారికి, బయలుదేఱుటకు ముందు ఆఱు మాసములు జర్మను నేర్పించుటకు కొంత సొమ్ము కేటాయింపవలెనని మా విన్నపము. విషయనిర్ణయసభలో దీనిని తీర్మానముగా ప్రవేశపెట్టుచున్నాము. ప్రయాణసన్నద్ధులైనవారు బిడ్డల వయస్సును, ఒడంబడిక కాగితమును పట్టుకొని రేపు ఉదయము పందిటి తూర్పు ప్రక్కకు వచ్చినచో, కూర్చుండి చూచెదము.