వాడిన రీలా, కొత్త రీలా?



అటకమీది ఫిల్మ్ కెమెరాలు దించి మన యువతలో కొందరు మళ్లీ వాడుతున్నారని విని సంతోషించాం. ఫోటోలు తీయడం గురించి చెప్పమన్నారు. అది మాకంటే మీకే బాగా తెలుసు. మేము చెప్పగలిగింది ఒక్క భయం గురించే.

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో మేము ముగ్గురం మారికుప్పం, ఛాంపియన్ రీఫ్స్ లైన్ ఇళ్ల వెంట తిరిగాం. తెలుగువాళ్లూ తమిళులూ పక్కపక్క గడపల్లో తరాలుగా ఉన్న చోటు. గనిలో పనిచేసిన పెద్దలను, వాళ్ల విధవలను, సర్వీసు కాగితం చేతబట్టించి గుమ్మం ముందు నిలబెట్టి ఫోటో తీశాం. అర్జీలకు జతచేయాలని. "నాయనా, ఈ ఫోటో చూస్తే డబ్బులిస్తారా?" అని ఒక అవ్వ అడిగింది. జవాబు చెప్పలేక కెమెరా కంటికి ఆనించుకున్నాం.

కొన్నవి ఐదు నలుపు తెలుపు రీళ్లు, ఒక్కొక్కటి 36 ఫోటోలది. ఇళ్ల దగ్గర మూడు పూర్తయ్యాయి. ఆదివారం రాబర్ట్‌సన్‌పేటలో కార్మికుల సభ జరిగితే ఇంకొకటి వాడాం. ఆ రాత్రి సంచి తీసి చూసుకుంటే గుండె ఆగినంత పనైంది. మూడు డబ్బాల్లో ఫిల్మ్ మొత్తం లోపలికి చుట్టి ఉంది, రెండింటికి నాలుక బయటికి ఉంది. నాలుక బయట ఉంటే కొత్త రీలనే కదా మనం అనుకునేది! కానీ మాలో ఒకరికి రీలు వెనక్కి చుట్టేటప్పుడు, ఫిల్మ్ పట్టు వదిలిన చప్పుడు వినగానే ఆపేసే అలవాటు. స్టూడియోవాళ్లకు తీయడం సులువని. ఇళ్ల రెండో రీలు తీసింది ఆయనే. అంటే మధ్యాహ్నం సభకు వేసింది కొత్తదో, ఆ రెండోదో! ఎలా లెక్కేసినా సంచిలో మూడూ రెండే వస్తాయి.

లాగి చూద్దామా అన్నారొకరు. వెలుతురు తగిలితే ఉన్నదీ పోతుంది. చీకట్లో లాగినా లాభం లేదు, కడగనిదే బొమ్మ కంటికి కనబడదు. ఒకటే దారి. నాలుక బయట ఉన్న రెండూ కడగడానికి ఇచ్చేయడం. రెండింటిలో ఒకటి ఖాళీగా వస్తే క్షేమం. రెండూ ఖాళీ అయితే ఒకే ఫిల్మ్ మీద రెండుసార్లు తీశామన్నమాట. మీకూ అనుమానం వస్తే ఇదే చేయండి. కొత్త రీలు అనవసరంగా కడిగిస్తే పోయేది కొంత డబ్బు. వాడిన రీలు మళ్లీ వేస్తే రెండు రోజుల పని పోతుంది.

స్టూడియో అబ్బాయి రెండు తెల్లటి పట్టీలు చేతిలో పెట్టాడు. అంచున కంపెనీ పేరూ అంకెలూ మాత్రం చక్కగా ఉన్నాయి, కడగడంలో లోపమేమీ లేదు.

సభ రీలు కడిగిస్తే అన్నీ కలగాపులగం. ఫిల్మ్ మీద వెలుతురు వెలుతురికి కలుస్తుంది. మొదటి ఫోటోలో ఎక్కడ చీకటి ఉందో అక్కడ రెండోది బాగా పడుతుంది. అవ్వ వెనుక నల్లటి గుమ్మంలో సభ జనం వచ్చి కూర్చున్నారు. ముఖంలో సగం మిగిలింది. కాగితం మీద సభనాటి ఆకాశం పడి అక్షరాలు చెరిగిపోయాయి. ఫ్రేములు కూడా ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడలేదు, నడుమ గీత.

అందుకే ఇప్పుడు రీలు అయిపోగానే నాలుకతో సహా లోపలికి చుట్టేస్తాం. డబ్బా మీద మార్కరుతో తేదీ, ఊరు రాస్తాం. ముగ్గురిదీ ఒకే పద్ధతి. అసలు తప్పు కెమెరాది కాదు, ఒకే సంచిలో రెండు అలవాట్లు ఉండటం. తనంతట తానే చుట్టే ఆటో కెమెరాలు చాలావరకు మొత్తం లోపలికే లాగేస్తాయి, అవి ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. చేత్తో చుట్టే కెమెరావాళ్లే జాగ్రత్త.

ఆ వారంలోనే ఇళ్లకు మళ్లీ వెళ్లాం. ఎవరూ విసుక్కోలేదు. కొందరు ఈసారి ఉతికిన చొక్కా వేసుకున్నారు. అవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. కూతురు వచ్చి తిరుపత్తూరు తీసుకెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆమె అర్జీ ఫోటో లేకుండానే వెళ్లింది. ఆ సగం ముఖం ప్రింటు మా దగ్గరే ఉంది, తెచ్చాం, చూడండి.