జెండా దక్కిన ఏళ్లు, దక్కని ఏళ్లు



కష్టజీవుల బతుకుల మీద ఏటా ఒక ఉపన్యాసం చెప్పించాలన్నది ఈ ధర్మనిధిని నెలకొల్పినవారి కోరిక. నేటి నా ప్రసంగం అమెరికా వాయవ్య మూలనున్న వాషింగ్టన్, ఓరెగన్ రాష్ట్రాల అడవి పల్లెల గురించి. రెండో ప్రపంచయుద్ధం నాటి తరంలో అక్కడ ఒక రకం మనిషి ఉండేవాడు. అడవిలో మాన్లు కొట్టేవాడు, ఇంటిదగ్గర సేద్యం చేసేవాడు, నడుమ కొన్నేళ్లు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. ఈ మూడింటిలో ఒక్కదానికే దేశం అతని శవపేటికపై జెండా కప్పింది. ఆ తేడా సబబేనా అన్నదే నా ప్రశ్న.

ముందు అడవి సంగతి. అక్కడి డగ్లస్ ఫర్ మాను రెండువందల అడుగులు దాటి పెరుగుతుంది. మొదలు బాగా ఉబ్బి, జిగురు పట్టి ఉంటుంది. అందుకని కాండానికి పైన గాట్లు పెట్టి, వాటిలో పలకలు దోపి, ఆ పలకల మీద నిలబడి ఇద్దరు చెరోవైపు రంపం లాగేవారు. ఆ గాట్లున్న మోళ్లు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి.

పడిన మానును బయటికి ఈడ్చడం మరో ఎత్తు. మొదట్లో ఎద్దులే దిక్కు. 1881లో కాలిఫోర్నియాలోని యురేకాలో జాన్ డాల్బీర్, ఓడల మీద బరువులెత్తే చిన్న ఆవిరి యంత్రాన్ని పోలినదాన్ని అడవికి తెచ్చాడు. దాన్ని ‘డాంకీ’ అన్నారు. తరవాతి కాలంలో ఒక ఎత్తయిన మానుకు కొమ్మలు కొట్టి, తల నరికి, కప్పీలు బిగించి, ఓడ స్తంభంలా వాడుకున్నారు. ఆ తల నరికేవాడు కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని, తన నడుముకూ మానుకూ కలిపి తాడు చుట్టుకుని ఎక్కేవాడు. మన గీత కార్మికుడి మోకూ ముస్తాదూ ఎరిగినవాళ్లకు అతన్ని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు.

ఇక నౌకాదళం సంగతి. పెర్ల్ హార్బర్ దాడి తరవాత, 1942 జనవరిలో, అడ్మిరల్ బెన్ మొరీల్ చొరవతో నౌకాదళానికి సొంత నిర్మాణ దళాలు ఏర్పడ్డాయి. వాళ్లనే సీబీలు అంటారు. కుర్రవాళ్లకన్నా పని తెలిసినవాళ్లే కావలసి వచ్చారు గనక తొలి విడతల్లో చేరినవారి సగటు వయసు 37. యుద్ధకాలంలో మొత్తం 3,25,000 మందికి పైగా ఆ దళాల్లో పనిచేశారు. పసిఫిక్ దీవుల్లో రేవులు కట్టారు, విమానాలు దిగే దారులు వేశారు, అక్కడి చెట్లనే కోసి కలప చేసుకున్నారు. తాడు, కప్పీ, బరువు, సైగ తెలిసిన అడవి మనిషికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది తుపాకీ ఒక్కటే.

తిరిగొచ్చినవాళ్లకు 1944 నాటి జీఐ బిల్లు అండగా నిలిచింది. ఇల్లు గాని పొలం గాని కొనేందుకు చేసే అప్పుకు ప్రభుత్వం పూచీ పడింది. అయితే ఆ ప్రాంతంలో చవగ్గా దొరికిన నేల చాలావరకు కంపెనీలు మాన్లు కొట్టేసుకుని వదిలిపెట్టిన మోళ్ల నేల. ఒక్కో మోడును డైనమైట్‌తో పేల్చాలి, లేదా రోజుల తరబడి కాల్చాలి. అందాకా మోళ్ల సందుల్లోనే ఆవులు మేసేవి. ఎండాకాలం కార్చిచ్చు భయంతో అడవి పని తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నానికి ఆగిపోయేది. మిగతా పొద్దు గడ్డి కోతకు. సేద్యం తిండి పెట్టేది, అడవి రొక్కం ఇచ్చేది.

1946లో ఓరెగన్‌లో జో కాక్స్ అనే మాన్లు కొట్టేవాడు, కలప తొలిచే పురుగు దవడల తీరు గమనించి కొత్తరకం రంపపు గొలుసు తయారుచేశాడు. మోటారు రంపాలు త్వరగా వ్యాపించాయి, ఇద్దరి పని ఒక్కడే చేశాడు. చావు మాత్రం వెనకబడలేదు. 2023లోనూ అమెరికాలో పూర్తికాలం పనిచేసే లక్ష మందికి పనిలో చనిపోయినవారు సగటున 3.5 అయితే, మాన్లు కొట్టేవారిలో 98.9.

ఇక గౌరవం మాట. మాజీ సైనికుడి సమాధి రాయిని ప్రభుత్వమే ఇస్తుంది. కుటుంబం కోరితే కనీసం ఇద్దరు సైనికులు వచ్చి, జెండా మడిచి చేతికిస్తారు, బాకా వినిపిస్తారు. అడవిలో మాను కింద నలిగినవాడికి అవేవీ లేవు. పరిహారం లేదని కాదు. వాషింగ్టన్ రాష్ట్రం 1911లోనే కార్మిక నష్టపరిహార చట్టం చేసింది. కానీ పరిహారం వేరు, గౌరవం వేరు.

సైనికుడు దేశం కోసం పోయాడు, వీడు కూలి కోసం పోయాడు అని మీరనవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలకు స్ప్రూస్ కలప కావలసివచ్చి, అమెరికా సైన్యం వేలమంది సైనికులను సరిగ్గా ఈ అడవుల్లోకే పంపింది. యూనిఫాం వేసుకుని కొట్టినవాడు మాజీ సైనికుడయ్యాడు. పక్కనే అదే మానును మామూలు చొక్కాతో కొట్టినవాడు కూలివాడుగానే మిగిలాడు. రంపం ఒకటే, అపాయం ఒకటే. ఈ ఉదాహరణ ముందు ఆ వాదన నిలవదు.

గౌరవం దక్కకపోగా, తరవాత నింద కూడా మీద పడింది. 1990లో ఆ అడవుల మచ్చల గుడ్లగూబను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. దాన్ని కాపాడేందుకు తెచ్చిన 1994 అటవీ ప్రణాళికతో ప్రభుత్వ అడవుల్లో కోత బాగా తగ్గింది. పాత అడవి తరిగిపోయిందన్నది నిజం, కాపాడక తప్పదన్నదీ నిజం. అడవి తరిగిందన్న నిందలో పెద్ద వాటా మాత్రం రంపం పట్టినవాడి నెత్తిన పడింది. ఆ కలపతో లేచిన ఇళ్లలో హాయిగా ఉన్నవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. సియాటిల్, పోర్ట్‌లాండ్‌లలో కొయ్య చట్రాల ఇళ్లు కొనుక్కున్న మన పిల్లలూ వాళ్లలో ఉన్నారు.

ప్రభుత్వం చెయ్యని పనిని కొన్ని ఊళ్లు చేశాయి. వాషింగ్టన్‌లోని ఫోర్క్స్‌లో కలప మ్యూజియం దగ్గర మాన్లు కొట్టేవారికి స్మారకం ఉంది. ఈ నిధికి నా విన్నపం అలాంటిదే. ఏటా ఉపన్యాసంతో పాటు ఒక మండలంలో పనిలో ప్రాణాలు పోయినవారి పేర్లు సేకరించి అచ్చువెయ్యండి. తాటిచెట్టు మీంచి పడినవారు, బావి పూడికలో కూరుకుపోయినవారు, కరెంటు మోటారు దగ్గర పోయిన రైతులు, ఏ ఊరు, ఏ ఏడు, ఏ పని అన్న వివరంతో. మొదటి మండలానికి తిరిగి పేర్లు రాసుకొచ్చే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.