బొమ్మ గీసిందెవరు? సొమ్ము చేసుకుందెవరు?

(రాత్రిబడి యువకులకు, గ్రామ కార్యకర్తలకు ఇచ్చిన ఉపన్యాస పాఠం)



ఇవాళ సూపర్‌మేన్ గురించి మాట్లాడతామని చెప్పగానే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన నవ్వారు. "కూలి గురించి చెప్తారనుకుంటే పిల్లల బొమ్మల గురించి చెప్తారా సారూ?" అన్నారు. పెద్దయ్యా, మేం చెప్పేదీ కూలి గురించే. సంతకం గురించే. కాస్త ఓపిక పట్టండి.

మా బడి పిల్లల సంచుల మీద ఒక బొమ్మ ఉంటుంది. నీలం బట్టలు, వీపు మీద ఎర్ర గుడ్డ, రొమ్ము మీద ఒక ఇంగ్లీషు అక్షరం. ఆకాశంలో ఎగురుతుంటాడు. "ఇతన్ని పుట్టించిందెవర్రా?" అని అడిగాం. "సినిమావాళ్లు సార్" అన్నారు. పిల్లల తప్పేముంది? సంచి మీద బొమ్మ అచ్చేసినవాడు గీసినవాడి పేరు వేయడు గదా! దాని వెనక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర చెప్పుకుందాం.

అమెరికాలో క్లీవ్‌లాండ్ అని ఒక ఫ్యాక్టరీల పట్నం. యూరప్ నుంచి బతుకుదెరువుకు వలసొచ్చిన యూదుల ఇళ్లల్లో ఇద్దరు పిల్లలు పెరిగారు. జెర్రీ సీగెల్, జో షుస్టర్. ఇద్దరూ 1914లో పుట్టినవాళ్లే. జో తండ్రి దర్జీ. జెర్రీ తండ్రిది చిన్న బట్టల కొట్టు. 1932లో ఆ కొట్టులో దొంగలు పడ్డ రోజే ఆయన ప్రాణం పోయింది. అవి అమెరికాలో పనులు దొరకని కరువు రోజులు. జెర్రీ కథ రాసేవాడు, జో బొమ్మ గీసేవాడు. తెల్లకాగితం కొనలేక, అంగడి పొట్లాలు చుట్టే కాగితం మీదా, గోడకంటించే కాగితం చుట్టల వెనక వైపునా గీశాడు జో. అట్లా పుట్టాడు సూపర్‌మేన్.

ఏళ్ల తరబడి పత్రికల గుమ్మాలు తొక్కారు. ఎవరూ తీసుకోలేదు. చివరికి 1938 మార్చిలో న్యూయార్క్ కంపెనీ ఒకటి తీసుకుంది. 13 పేజీల కథ. పేజీకి 10 డాలర్లు. మొత్తం 130 డాలర్లు. చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పుగానే రాశారు. పేజీలకు కూలి ఇచ్చారు, సరే. కానీ ఆ కూలితోపాటే సూపర్‌మేన్ మీద సర్వహక్కులూ కంపెనీకి రాయించుకున్నారు. 1938 జూన్ తేదీతో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వచ్చింది. వెల 10 సెంట్లు. జనం ఎగబడి కొన్నారు. పుస్తకాలు, రేడియో, ఆటబొమ్మలు, సినిమాలు, అన్నీ వచ్చాయి. వచ్చిన సొమ్మంతా ఎవరిది? హక్కు ఎవరిదో సొమ్ము వాళ్లది.

వాళ్లు చదువు రానివాళ్లా? కాదు, హైస్కూలు చదివినవాళ్లు. ఆ రోజుల్లో కంపెనీలన్నీ అట్లాగే కొనేవి. సంతకం పెట్టకపోతే కథ మళ్లీ పెట్టెలోకే. ఈ సంగతి చదివినప్పుడు మాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన చదువు రాక ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. అందులో ఉన్నది అప్పు కాదని, ఎకరం చెలక పోయిందని తర్వాత తెలిసింది. ఆ కుర్రాళ్లకు చదువొచ్చు, మా నాయనకు రాదు. కానీ కాగితం రాసిన చెయ్యి ఒకటే: ఎదుటివాడి అవసరం తెలిసిన చెయ్యి.

ఇంకో సంగతి. మొదట్లో సూపర్‌మేన్ ఎవరితో కొట్లాడాడో తెలుసా? వేరే లోకాల రాక్షసులతో కాదు. మొదటి సంచికలోనే పెళ్లాన్ని కొట్టేవాణ్ణి పట్టుకుంటాడు. మూడో సంచికలో గని కూలి ఒక కార్మికుడు చిక్కుకుపోతాడు. యజమాని "అది వాడి అజాగ్రత్తే" అంటాడు. సూపర్‌మేన్ ఏం చేశాడు? విందులో ఉన్న యజమానినీ అతని ధనిక మిత్రులనూ అదే గనిలో చిక్కుకునేట్టు చేశాడు. కింద ఊపిరాడనప్పుడు గానీ యజమానికి బుద్ధి రాలేదు. 1939 జనవరి సంచికలోనైతే మురికివాడల పాత ఇళ్లన్నీ కూలగొడతాడు, ప్రభుత్వం పేదలకు మంచి ఇళ్లు కట్టక తప్పేట్టు. దర్జీ కొడుకు, చిన్నకొట్టు యజమాని కొడుకు కలిసి చేసిన వీరుడు అట్లాగే ఉంటాడు. తర్వాత తర్వాత కంపెనీ అతన్ని మెత్తబరిచింది. హక్కు చేతులు మారితే వీరుడి శత్రువు కూడా మారతాడు! ఇది మరిచిపోవద్దు.

1947లో ఇద్దరూ కోర్టుకెక్కారు. సూపర్‌మేన్ దక్కలేదు. 1948లో సుమారు 94 వేల డాలర్లకు రాజీ అయింది. ఆ రాజీతో పనీ పోయింది, కథల మీద పేరూ పోయింది. జోకు చూపు మందగించింది. సామాన్లు చేరవేసే పనికి పోయాడు. జెర్రీ ఒక ఆఫీసులో ఉత్తరాలు చూసే గుమాస్తా అయ్యాడు. వాళ్ల బొమ్మ ఆకాశంలో ఎగురుతుంటే వాళ్లు నేలమీద అద్దె కట్టలేక తిప్పలుపడ్డారు.

1975లో సూపర్‌మేన్ పెద్ద సినిమా వస్తుందని వార్త. జెర్రీ ఊరుకోలేదు. తమకు జరిగిందంతా రాసి పత్రికలకు పంపాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు బొమ్మలు గీసేవాళ్లు ముందుకొచ్చారు. వాళ్లవెంట కార్టూనిస్టుల సంఘం నిలబడింది. పత్రికల్లో, టీవీల్లో గోల చేశారు. ఆ డిసెంబరులో కంపెనీ దిగొచ్చింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20 వేల డాలర్ల పింఛను, సూపర్‌మేన్ సృష్టికర్తలుగా ఇద్దరి పేర్లు. కోర్టులో పోయినది సంఘంతో కొంత తిరిగొచ్చింది. పేరు వచ్చింది గానీ హక్కు రాలేదు. జో 1992లో, జెర్రీ 1996లో చనిపోయారు. ఇక విడ్డూరం వినండి. ఆ 130 డాలర్లు చేర్చి ఇచ్చిన పాత చెక్కు కాగితం 2012లో వేలంలో 1,60,000 డాలర్లకు పోయింది. బొమ్మకిచ్చిన ధరకన్నా ఆ ధర రాసిన కాగితమే విలువైందయింది!

బ్యాట్‌మేన్ కథ ఇంకోరకం. అతను 1939 మే సంచికలో వచ్చాడు. బాబ్ కేన్ తెలివిగా అగ్రిమెంటులో తన పేరు రాయించుకున్నాడు. తన ఒక్కడి పేరే. ఆ వీరుడి వేషం దిద్దింది, మొదటి కథలు రాసింది, అతని ఊరికి పేరు పెట్టింది బిల్ ఫింగర్. కాగితం మీద ఫింగర్ లేడు. 1974లో పేదగానే చనిపోయాడు. 2015లో గానీ అతని పేరు బ్యాట్‌మేన్ పక్కకు రాలేదు. అంటే ఏమిటి? మోసం పైనుంచే రాదు. మన పక్కన కూర్చుని పనిచేసినవాడు కూడా మన పేరు మింగొచ్చు. సంఘాల్లో పనిచేసే మనం ఈ మాట ముందు మనకే చెప్పుకోవాలి.

మరి నల్లజాతి వాళ్ల సంగతి? ఆ పుస్తకాల్లో ఏళ్ల తరబడి వాళ్లు నౌకర్లుగా, నవ్వులాటకు పనికొచ్చే వాళ్లుగా మాత్రమే కనబడ్డారు. 1947లో, మన 'చందమామ' మొదలైన ఏడాదే, ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పాత్రికేయుడు ఒక పుస్తకం తెచ్చాడు. 'ఆల్ నీగ్రో కామిక్స్'. రాసింది నల్లవాళ్లు, గీసింది నల్లవాళ్లు, అచ్చేయించింది నల్లవాడు. 48 పేజీలు, 15 సెంట్లు. అందులో 'లయన్ మేన్' అనే చదువుకున్న శాస్త్రవేత్త వీరుడు. రెండో సంచిక కూడా తయారైంది. కానీ రాలేదు. ఎందుకని? కాగితం అమ్మేవాళ్లు కాగితం అమ్మలేదు. అంతే. రాసే చెయ్యి ఉంది, గీసే చెయ్యి ఉంది, చదివే జనం ఉన్నారు. కాగితం గోదాము తాళం మాత్రం వేరేవాడి దగ్గర ఉంది.

ఇరవై ఏళ్లు కావొస్తుండగా, 1966 జూలై సంచికలో 'బ్లాక్ పాంథర్' వచ్చాడు. ఆఫ్రికాలో ఎవరికీ లొంగని రాజ్యానికి రాజు. పుట్టించింది స్టాన్ లీ, జాక్ కిర్బీ, ఇద్దరూ తెల్లవాళ్లే. హక్కు కంపెనీది. ఇక్కడొక పొరపాటు దిద్దాలి. బొమ్మల పుస్తకం చూసి అక్కడి బ్లాక్ పాంథర్ పార్టీ పేరు పెట్టుకోలేదు. అలబామాలోని లౌండెస్ కౌంటీ నల్లజాతి పల్లెజనం ఓటు కోసం సంఘం కట్టి, నల్ల చిరుతను గుర్తుగా పెట్టుకున్నారు. 1966 అక్టోబరులో పుట్టిన పార్టీ ఆ గుర్తును తీసుకుంది. ఆ పార్టీ పేరు చూసే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టారు. ఆ చిరుత పల్లెకూలీలది. అదే 1972లో కంపెనీ ఏం చేసిందో చూడండి. పార్టీ వాసన తగలకూడదని కాబోలు, ఒక సంచికలో ఆ వీరుడి పేరు 'బ్లాక్ లెపర్డ్' అని మార్చి చూసింది. నిలవలేదు, మళ్లీ పాత పేరే. 2018లో అతని మీద వచ్చిన సినిమా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కిర్బీ 1994లోనే చనిపోయాడు. అతని వారసులు కోర్టుల చుట్టూ తిరిగితే 2014లో రాజీ కుదిరింది.

ఈ పాఠాలన్నీ నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైఖేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నల్లజాతి మిత్రులు 'మైల్‌స్టోన్' అనే సంస్థ పెట్టారు. వాళ్లు సూపర్‌మేన్ కంపెనీతోనే ఒప్పందం చేసుకున్నారు. అచ్చు, పంపిణీ ఆ కంపెనీది. కథ ఎట్లా ఉండాలన్న నిర్ణయం, బొమ్మల మీద హక్కు తమవి. పెద్దవాడి లారీ వాడుకున్నారు గానీ సరుకు రాసివ్వలేదు. పుస్తకాలు 1997 దాకానే నడిచాయి. కానీ ఆ ఒప్పందం చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఇక మన మాట. మన వాడల్లో పాట కట్టేవాళ్లున్నారు, గోడల మీద బొమ్మలు గీసేవాళ్లున్నారు. "నీ పాట రికార్డు చేస్తాం, ఇక్కడ సంతకం పెట్టు" అని సెల్‌ఫోను పట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. మన దేశపు కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులో ఒక మాట ఉంది: హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అది 5 ఏళ్లకే అని లెక్క. 2012లో చేసిన సవరణతో, సినిమా పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా దక్కింది. ఆ వాటాను నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. ఈ సంగతి మన పాటగాళ్లలో ఎందరికి తెలుసు?

అందుకని మూడు పనులు చేద్దాం. ఏ కాగితమైనా ఇద్దరు గట్టిగా చదివి వినిపించాకే సంతకం. ఆ కాగితం నకలు మన దగ్గర ఉండాలి. మన కరపత్రంలో, మన సభలో పాడే ప్రతి పాట కింద కట్టినవాళ్ల పేరు ఉండాలి, కట్టింది ముసలవ్వయినా సరే.

పెద్దయ్యా, ఇప్పుడు చెప్పండి, ఇది పిల్లల బొమ్మల కథేనా? సూపర్‌మేన్ కొండలను లేపగలడు. తనను పుట్టించిన ఇద్దరిని మాత్రం 130 డాలర్ల కాగితం కింద నుంచి లేపలేకపోయాడు. ఆ పని సంఘమే చేసింది, అదీ సగమే. మిగతా సగం సంతకానికి ముందే చెయ్యాల్సిన పని.

జై భీమ్!