మన కొలతకు మన సైకిలు



రవికె కుట్టించాలంటే దర్జీకి కొలతలిస్తాం. చెయ్యి పొడుగెంత, భుజమెంత, నడుమెంత అని అన్నీ చెబుతాం. ఒకరి రవికె ఇంకొకరికి పట్టదని చిన్నపిల్లకైనా తెలుసు. కాని సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. దుకాణంలో రంగు బాగున్నదాన్ని కొనేస్తాం, లేదా అన్న తొక్కి వదిలేసినదాన్ని చెల్లెలికి అంటగడతాం. ఆ పిల్ల వారం రోజులు తొక్కి, మోకాళ్ళు పీకుతున్నాయని దాన్ని గోడకు ఆనిస్తుంది. "మా పిల్లకు సైకిలు సరదా లేదు వదినా" అని మనం పక్కింటావిడతో అంటాం. పిల్లకు సరదా లేక కాదండీ, సైకిలు దాని కొలతకు లేక. అందుకని ఈవేళ గేర్లు లేని మామూలు సైకిలును తొక్కే మనిషికి తగ్గట్టు ఎలా కట్టించుకోవచ్చునో చెప్పుకుందాం.

మన నిజామాబాదు, బోధన్ ప్రాంతానికి ఈ గేర్లు లేని సైకిలు సరిగ్గా సరిపోయిన వాహనం. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువల కింద చెరుకు పెరిగింది. 1937లో బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడింది. కాలువ కింది నేలంటే సమంగా ఉన్న నేల. పెద్ద ఎత్తుపల్లాలు లేనిచోట గేర్ల అవసరమేముంటుంది? ఫ్యాక్టరీకి, పొలానికి, బడికి, బజారుకు జనం ఈ సైకిళ్ళ మీదే తిరిగారు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కాని అప్పటి నల్ల సైకిళ్ళు కొన్ని ఇంకా కొట్టాల్లో, మెట్ల కింద తుప్పు పట్టి ఉంటాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే పాత సామాన్ల వాడికి వెయ్యకండి. ఎందుకో చెబుతాను.

సైకిలును పనికి తగ్గట్టు మార్చుకోవడం మనవాళ్ళకు కొత్త విద్య కాదు. పాలు పోసేవారి సైకిలు చూడండి. వెనక బరువైన క్యారియరు, దానికి రెండు పక్కలా బిందెలు వేలాడే కొక్కేలు, బరువు ఆగేందుకు పైన రెండు కడ్డీలున్న డబుల్ బారు ఫ్రేము. కత్తులు సానపట్టేవారైతే స్టాండు మీద నిలబెట్టి తొక్కితే సానరాయి తిరిగేట్టు పట్టీ కట్టుకుంటారు. కల్లు కుండలు మోసే సైకిలు తీరు వేరు, గ్యాసు బండలు మోసే సైకిలు తీరు వేరు. ఇలా కట్టుకున్న వాళ్ళెవరూ ఇంజనీరింగు చదవలేదు. తమ పనేమిటో తమకు తెలుసు, దుకాణంలో కూర్చుని కావలసినట్టు చేయించుకున్నారు. మరి ఇంటి పని, బడి పని తెలిసిన మనమెందుకు చేయించుకోకూడదు?

మొదట ఫ్రేము సంగతి. పెడల్ తిరిగే ఇరుసు నుంచి సీటు గొట్టం పైకొస దాకా ఉన్న పొడవే ఫ్రేము కొలత. మగవాళ్ళ నల్ల సైకిళ్ళు ఎక్కువగా 22, 24 అంగుళాలుంటాయి. మన ఆడపిల్లల్లో చాలామందికి 20 అంగుళాలో, అంతకన్న తక్కువో సరిపోతుంది. పిల్ల సీటు మీద కూర్చుని పెడల్‌ను పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ ఆనిస్తే కాలు చక్కగా చాపుకోవాలి. అప్పుడు మునిపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది, నొప్పి పుట్టదు. కొత్తగా నేర్చుకునే పిల్లకైతే మాత్రం రెండు కాళ్ళ మునివేళ్ళు నేలకు ఆనేట్టు కొన్నాళ్ళు సీటు దించి ఉంచండి. ధైర్యం వచ్చాక అంగుళం అంగుళం పెంచుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మగవాళ్ళ సైకిలు పైకడ్డీ అడ్డం వస్తోందని కొందరు దాన్ని కోయించి, కిందికి దించి వెల్డింగు పెట్టిస్తారు. ఆ పని ఎన్నడూ చేయించకండి. ఫ్రేము బలమంతా ఆ మూడు కడ్డీల ముక్కోణంలో ఉంది. ముక్కోణం తెగితే ఏదో ఒకనాడు గోతిలో పడ్డప్పుడు అతుకు విరుగుతుంది. పాత ఫ్రేము మీ అబ్బాయికి వాడండి. అమ్మాయి కోసం ఆడవాళ్ళ ఫ్రేము ఒకటి తీసుకుని, పాతదాని పెడళ్ళు, బెల్లు, స్టాండు, క్యారియరు లాంటివి సరిపోయినంతవరకు దానికి వేయించండి. చక్రాల కొలత ఒకటే అయితే అవి కూడా పనికొస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ముందు పెడళ్ళ దగ్గరుండే పెద్ద పళ్ళ చక్రాన్ని చైన్ వీలు అంటారు. వెనక చక్రానికుండే చిన్న పళ్ళదాన్ని ఫ్రీవీలు అంటారు. గేర్లు లేని సైకిలు బరువుగా నడుస్తుందా, తేలికగా నడుస్తుందా అన్నది ఎక్కువగా ఈ రెండింటి పళ్ళ లెక్కలో ఉంది. ముందు 44, వెనక 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పెద్ద చక్రాల సైకిలైతే సుమారు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. వెనకది తీసి 22 పళ్ళది వేస్తే చక్రం సరిగ్గా రెండు చుట్లే తిరుగుతుంది, 4 మీటర్ల 40 సెంటీమీటర్లు పోతుంది. దూరం తగ్గింది కదా అనకండి. కాలి మీద పడే బరువు కూడా అయిదు వంతుల్లో దాదాపు ఒక వంతు తగ్గింది.

బావిలోంచి నీళ్ళు తోడినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పెద్ద బొక్కెన వేస్తే తక్కువసార్లు తోడాలి, కాని చేతులు లాగేస్తాయి. చిన్న బొక్కెన వేస్తే ఎక్కువసార్లు తోడాలి, కాని అలసట తెలియదు. 18 పళ్ళది పెద్ద బొక్కెన, 22 పళ్ళది చిన్న బొక్కెన. ఒంట్లో బలమున్న కుర్రవాడు సాఫు రోడ్డు మీద ఒంటరిగా పోతే 18 బాగుంటుంది. పుస్తకాల సంచీతో ఎదురుగాలిలో బడికి పోయే పిల్లకు, వెనక క్యారియరు మీద బియ్యం సంచీ పెట్టుకుని వచ్చే ఇల్లాలికి, నలభై దాటి మోకాళ్ళు మొరాయించే మనలాంటివాళ్ళకు 20గాని 22గాని మేలు. దుకాణంలో "భాయ్, వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వెయ్యండి" అని అడగడానికి మొహమాటపడకండి. అడిగితే దొరుకుతుంది, అడక్కపోతే చేతికందింది వేస్తారు. కొత్త సైకిలుకయ్యే ఖర్చులో ఇది చాలా చిన్న భాగం.

ఫ్రీవీలు మార్చినప్పుడు చైను కూడా చూసుకోవాలి. 18 తీసి 22 వేస్తే చైను ఒక అంగుళం పొడుగు కావాలి. పాత చైను బాగా సాగిపోయి ఉంటే కొత్త పళ్ళ మీద సరిగా కూర్చోదు, జారుతుంది. సాగిందో లేదో పిల్లల స్కూలు స్కేలుతో మీరే చూడొచ్చు. చైనులో ఒక పిన్ను మధ్యన స్కేలు సున్నా పెట్టి, 12 అంగుళాల దగ్గర చూడండి. అక్కడ కూడా సరిగ్గా పిన్ను మధ్యభాగమే ఉంటే చైను మంచిది. పిన్ను ఒక అంగుళంలో ఎనిమిదో వంతు అవతలికి జరిగి ఉంటే ఆ చైను పని అయిపోయినట్టే. మరి చైను బిగువెంత ఉండాలి? మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే అర అంగుళం, ముప్పావు అంగుళం ఆడాలి. అంతకన్న వదులైతే ఊడుతుంది, మరీ బిగువైతే తొక్కడం బరువవుతుంది. వెనక చక్రాన్ని రెండు పక్కలా సమంగా లాగి బిగించమనండి.

చైనుకు కొబ్బరినూనె పొయ్యకండి. మన జిల్లా చలికి అది గడ్డకడుతుంది, దుమ్ము పట్టి జిగటవుతుంది. కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసి, పెడల్ తిప్పి, పైన మిగిలినది గుడ్డతో తుడిచెయ్యండి.

చక్రాల సంగతికి వస్తే, మన నల్ల సైకిలు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 ఊచలుండడం ఆనవాయితీ. బరువంతా వెనక పడుతుంది కాబట్టి ఆ తేడా. కట్టించాక చక్రాన్ని ఎత్తి తిప్పి చూడండి. పక్కలకు ఊగితే బెండు తీయించండి. ఊచలను వేళ్ళతో మీటితే ఒక్కటి కూడా వదులుగా ఆడకూడదు.

బ్రేకుల్లో రెండు రకాలున్నాయి. కడ్డీల బ్రేకు రిమ్ము లోపలివైపు పట్టుకుంటుంది, తీగ బ్రేకు రిమ్ము పక్కలను పట్టుకుంటుంది. రెండింటికీ రిమ్ములు వేరు. అందుచేత కడ్డీల బ్రేకు తీసి తీగ బ్రేకు వెయ్యాలంటే రిమ్ము సంగతి కూడా అడగాలి. ఒకటి గుర్తుంచుకోండి, మెరిసే ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సగం కూడా పట్టదు. వానాకాలం పిల్లలు నెమ్మదిగా, ముందునుంచే బ్రేకు నొక్కుతూ ఆపాలని చెప్పండి.

ఇంక మనకు ప్రత్యేకంగా కావలసినవి. చైనుకు పూర్తిగా మూసిన కవరు, వెనక చక్రానికి చీర గార్డు వేయించండి. చున్నీ గాని, చీర కొంగు గాని చక్రంలో చిక్కితే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. బోధన్ వైపు నల్లరేగడి దారుల్లో తిరిగేవారు మడ్‌గార్డుకు, టైరుకు మధ్య వేలు దూరేంత సందు ఉంచమనండి. లేకపోతే మన్ను పట్టి చక్రం బిగుసుకుంటుంది. చెరుకు ట్రాక్టర్లు తిరిగే రోడ్లలో సాయంత్రం వచ్చేవారికి వెనక ఎర్ర అద్దం, ముందు దీపం ఉండి తీరాలి.

మగపిల్లల తల్లులకు ఒక మాట. ఈమధ్య పట్నాల్లో ఫిక్సుడు సైకిలు అని ఒక మోజు వచ్చింది. అందులో ఫ్రీవీలు ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాలు ఆపడానికి వీల్లేదు. ఇది నిజానికి పాత పద్ధతే. ఫ్రీవీలు రాకముందు తొలినాటి సైకిళ్ళు ఇలాగే ఉండేవి. ఇప్పటికీ పందెపు మైదానాల్లో వీటినే వాడతారు. జపానులో 1948లో మొదలైన కైరిన్ పందేలు వీటి మీదే జరుగుతాయి. హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలో కూడా అటువంటి మైదానం, వెలోడ్రోమ్, ఉంది. అక్కడ ఎదురుగా లారీ రాదు, ఆవు అడ్డం రాదు. మన రోడ్డు అలాంటిది కాదు.

పైగా కొందరు మామూలు హబ్బుకే ఫ్రీవీలు తీసి కదలని పళ్ళ చక్రం బిగించేస్తారు. అసలు పందెపు హబ్బుకు దాన్ని పట్టి ఉంచడానికి ఎదురు మరతో ఇంకో రింగు ఉంటుంది. ఆ రింగు లేనప్పుడు, వేగం తగ్గించడానికి కాళ్ళు వెనక్కి అదిమితే ఆ చక్రం మర ఊడి వస్తుంది. అదీగాక బ్రేకులు తీసెయ్యడం గొప్ప అనుకుంటారు. మీ అబ్బాయి ముచ్చటపడితే రంగు మార్చుకోనివ్వండి, హ్యాండిలు మార్చుకోనివ్వండి. ఫ్రీవీలునూ, రెండు బ్రేకులనూ మాత్రం ముట్టుకోనివ్వకండి.

"ఇంత శ్రమెందుకు, ఆటో ఉంది, బస్సు ఉంది" అనేవారుంటారు. ఆటోకు రోజూ డబ్బు కావాలి, బస్సుకు వేళ కావాలి. పిల్లకు పదో తరగతి అయ్యేసరికి కాలేజీ దూరమని చదువు మాన్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. తరవాత ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే, ఆ పథకం వల్ల ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందని తేలింది. బడి దూరమైన ఊళ్ళలోనే ఆ లాభం ఎక్కువగా కనిపించింది. బడి దగ్గరికి రాలేదు, టీచర్లు మారలేదు, దూరాన్ని దాటే సాధనం ఒకటి చేతికొచ్చింది. ఆ సాధనం పిల్ల కాలికి అందకపోతే, మోకాలు నొప్పి పుట్టిస్తే, అది గోడకే అలంకారం.

కనుక ఈసారి సైకిలు దుకాణానికి మగవాళ్ళను ఒక్కళ్ళనే పంపకండి. తొక్కే పిల్లను వెంటబెట్టుకుని మీరూ వెళ్ళండి. ఫ్రేము కొలత చూడండి, వెనక పళ్ళు లెక్కపెట్టండి, రెండు బ్రేకులూ నొక్కి చూడండి, చైను కవరు అడగండి. పిల్లను ఎక్కించి వీధి చివరిదాకా తొక్కించి, కాలు సుఖంగా ఉందా అని అడిగిన తరవాతే డబ్బివ్వండి. దర్జీ దగ్గర మనం పడే జాగ్రత్తలో సగం పడితే చాలు, ఆ సైకిలు పిల్ల చదువు పూర్తయ్యేదాకా తోడుంటుంది. ఆ తరవాత మీకూ పనికొస్తుంది. సీటు కొలత మార్చుకుంటే సరి.