కంటికానని ఆకలి
(పూరీలో ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఉగాది పచ్చడి తిని కూర్చున్న మీకు ఆకలి సంగతి చెప్పబోతున్నాము, మన్నించండి. మేము గూడ్సు లెక్కలు వ్రాసుకునే రైల్వే గుమాస్తాలము. చదువు మెట్రిక్యులేషనుతో సరి. అయినా ఈ ఊరి పెంటకోటలో మన తెలుగు జాలరుల మధ్య తిరిగి, దొరికిన పుస్తకాలు చదివి గ్రహించినది మనవి చేస్తాము.

కనగుర్త చేపను మీరందరూ ఎరుగుదురు. విశాఖపట్నం చేపల గురించి రస్సెల్ దొర 1803లో అచ్చువేసిన గ్రంథంలో దానికి ఈ తెలుగు పేరే వ్రాశాడు. 1816లో క్యూవియే పండితుడు ఆ పేరునే శాస్త్రనామంలో చేర్చాడు. మనవలెనే ఆ మాట కూడా ఊరు విడిచి దేశాలు తిరుగుతున్నది!

ఈ చేప నోరు తెరచి ఈదుతూ మొప్పలలోని దువ్వెనతో నీటిని వడగడుతుంది. అందులో చిక్కేవి ప్లవకాలు, అనగా నీటివాలున తేలియాడే సూక్ష్మజీవులు. వాటిలో జంతుజాతివి చాలావరకు కోపెపాడ్లు. పెక్కు ఆవగింజంత కూడా ఉండవు.

ఇవి నీటిని జల్లెడపట్టి తింటాయని పూర్వం తలచేవారు. 1981లో కోయెల్, స్ట్రిక్లర్ అనే శాస్త్రజ్ఞులు అతివేగపు ఫిల్ము తీసి చూడగా వేరు సంగతి తేలింది. కాళ్ళాడించి నీటిని తమవైపు రప్పించుకుంటాయి. డయాటము వంటి ఏకకణ వృక్షజీవి దగ్గరకు రాగానే, చుట్టూ ఉన్న నీటితో సహా ఒడిసి పట్టుకుంటాయి. పగలు చేపల కంటబడకుండా లోతుకు దిగి, రాత్రి పైకి వచ్చి మేసేవి అనేకం.

ఇక అసలు సంగతి. ఇవి ఎన్ని ఉన్నాయన్నది చాలదు; కడుపు నిండిందా అని చూడాలి. యార్డులో వంద వ్యాగన్లు నిలిచినంత మాత్రాన సరుకున్నట్లు కాదు గదా! వాటి కడుపులోని పత్రహరితం నీలికాంతిలో ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపును కొలిచి ఎంత మేశాయో తెలుసుకుంటారు. పెట్టిన గుడ్లను లెక్కించి ఒంటి పుష్టిని గ్రహిస్తారు.

చలిసముద్రాల కలానసు జాతి ఒంట్లో నూనెసంచి నింపుకొని శీతకాలం గడుపుతుంది. మన వేడితీరాల చిన్నజాతులకు అంత నిల్వ లేదు. వాటిది దినకూలి సంసారం. కొద్దిరోజులు మేత తప్పితే గుడ్లు తగ్గుతాయి. ఆ కొరత చేపపిల్లలకు, చేపలకు ప్రాకుతుంది.

వల ఖాళీగా రావడానికి కారణాలెన్నో ఉన్నాయి. ఇదొకటని మరువరాదు. తీరపునీటిలో విషాలు, మురికి వదిలేవారు ముందుగా ఈ మూగప్రాణుల కంచంలోనే మన్ను పోస్తున్నారు. ఆ కంచం చివరకు పెంటకోట పొయ్యిమీదిదే.

ఈ కొత్త సంవత్సరం అన్ని కడుపులూ నిండుగాక! సెలవు.